సాయంత్రం ఆరింటి ఎస్ప్రెస్సో

సారపాక మొత్తం మీద సొంత ఇంట్లో ఎస్ప్రెస్సో, అంటే పాలు లేని చిక్కటి కాఫీ చేసుకుని తాగిన మొదటి ఆడమనిషిని నేనే. కాదనేవాళ్లు ఉంటే రమ్మనండి, కూర్చుని మాట్లాడుకుందాం. రెండువేల దశకం చివరి రోజుల మాట ఇది. మా పేపరు మిల్లు క్వార్టర్స్‌లో అప్పటికి కాఫీ అంటే చుట్టాలొచ్చినప్పుడు పాలల్లో కలిపే పొడి. మిగతా రోజులన్నీ చాయే.

మిల్లులో కొత్త మెషిన్ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన, పని అయిపోయాక ఇంటి సామాను అమ్మేసి వెళ్లిపోయాడు. ఫ్రిజ్జు కోసం, కూలరు కోసం జనం ఎగబడ్డారు. ఈ కాఫీ మెషిన్ మాత్రం ఓ మూలన పడి ఉంది. జ్యూసర్ అని ఒకావిడ, ఇడ్లీ పిండి రుబ్బేదని ఇంకొకావిడ తేల్చేసి పక్కకు జరిగారు. పైన గింజలు పోసే డబ్బా, లోపలే గ్రైండర్, కింద పిడి ఉన్న చిన్న గిన్నె. ఇంజనీరు ఒకసారి చేసి చూపించాడు. వాళ్ల దేశంలో ఇది చవక రకమేనట, మామూలు ఇళ్లల్లో వాడతారట. చవకదైతే మనదే అనుకుని ఇంటికి తెచ్చేశాను. మిగిలిపోయిన గింజల ప్యాకెట్లు కూడా ఆయన ఊరికే ఇచ్చాడు.

"గింత పెద్ద మెషిన్ పెట్టి, దవాఖానల మందు కొలిచే మూతంత కాఫీనా?" అంది పక్కింటావిడ. "నీకు చెంబు నిండా తాగాలని ఉంటే బోరింగు దగ్గరికి పో" అన్నాను. ఆవిడకు నా నోరు అలవాటే.

అప్పుడే మా అన్న మా ఇంటికి వచ్చి ఉన్నాడు. అన్న మణుగూరు బొగ్గు గనిలో పనిచేసేవాడు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తాగే మనుషుల గురించి జనం దీన్ని చివర్లో జాలిగా అంటారు. మా అన్న తాగినా మంచివాడే, కానీ ఆ మంచితనం వదినకు గానీ పిల్లలకు గానీ తిండి పెట్టలేదు. ఖమ్మంలో దవాఖానాలో ఉంచి మాన్పించాం. కొన్నాళ్లు తాగుడు స్నేహితులకు దూరంగా ఉంచమన్నాడు డాక్టరు. మా ఇంటికి నేను తీసుకెళ్తానన్నాను.

బయల్దేరే ముందు వదిన నన్ను వాళ్ల వంటింట్లోకి పిలిచి, "ఈసారి ముట్టుకుంటే పిల్లల్ని తీస్కొని మా అమ్మగారింటికి పోత. ఇగ ఎవరొచ్చి పిలిచినా రాను. గీ మాట ఆయనకు చెప్పలేదు, నీకే చెప్తున్న" అంది. అరవలేదు, ఏడవలేదు. అలా మెల్లగా చెప్పినందుకే నాకు భయమేసింది. "నాకు వదిలెయ్ వదినా, నేను చూసుకుంట" అని మాటిచ్చాను. నాకు పెద్ద మాటలు మాట్లాడటం అలవాటు. నిలబెట్టుకోవడం కూడా అలవాటే.

పగలంతా అన్న బాగానే ఉండేవాడు. కూరగాయలు తరిగేవాడు, కుళాయి వాషర్ మార్చేవాడు, మా ఆయనతో కబుర్లు చెప్పేవాడు. సాయంత్రం ఆరు దగ్గర పడితే మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అల్లం దంచి చాయ్ పెట్టి ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చునేవాడు.

"ఏందన్నా, చక్కెర తక్కువైందా?"

"అది కాదు చెల్లె. డ్యూటీ దిగంగనే అందరం చాయ్ కొట్టు కాడ ఆగుతం. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టంగనే ఎటు పోదాం అంటడు ఒకడు. ఇన్నేండ్లు గట్లనే గడిచింది. ఇప్పుడు ఈ చాయ్ తాగితే నా కాళ్లు బయటికే చూస్తయి."

నాకు ఆ మాట తట్టనే లేదు. సారా వాసన ఇంటి చుట్టుపక్కల లేకుండా చూసుకున్నాను గానీ, రోజూ నా చేత్తోనే మొదటి మెట్టు ఎక్కిస్తున్నానని తెలియలేదు. చాయ్ గిన్నె అక్కడే బోర్లించి, ఆ కాఫీ మెషిన్ ముందుకు లాగాను.

మొదటి గుక్కకే అన్న మొహం ముడుచుకుపోయింది.

"ఏంది చెల్లె, కషాయమా?"

"కషాయమే. నోరు మూసుకొని తాగు."

"నోరు మూసుకొని ఎట్ల తాగాల్నే?"

ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినబడింది. రెండో గుక్క తాగి, "గొంతుల గట్టిగ పట్టుకుంటది" అన్నాడు. మర్నాడు ఆరు కాకముందే వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. ఆ చిన్న గాజు గ్లాసును అతను మూడు వేళ్లతో పట్టుకుని ఒక్కసారిగా వంచే తీరు చూస్తే సారా గ్లాసే గుర్తొచ్చేది. ఆ గ్లాసు అటక మీద పడేసి పిడి ఉన్న పింగాణీ కప్పు పెట్టాను.

మెషిన్ మాట వినడానికి మాత్రం కొంత కాలం పట్టింది. గ్రైండర్ పక్కన తిప్పే చక్రం ఉంటుంది. గింజ బరకగా పడితే కాఫీ కుళాయి తిప్పినట్టు దడదడా కారిపోయి, రంగునీళ్లలా ఉండేది. మరీ మెత్తగా పడితే మెషిన్ మూలుగుతూ బొట్టు బొట్టు వదిలేది, నోట్లో పెట్టుకుంటే వేపాకే. మా ఆయన మిల్లులో గుజ్జు నూరే సెక్షన్‌లో పనిచేసేవాడు. ఓ సెలవు రోజు ఇదంతా చూసి, "ఇది మా రిఫైనర్ లెక్కనే ఉంది బావా. గుజ్జు ఎక్కువ నూరితే నీళ్లు దిగవు, తక్కువ నూరితే నిలవవు. ఒక్కసారి ఎక్కువ తిప్పొద్దు, కొంచెం కొంచెం జరుపు" అన్నాడు అన్నతో. ఇక ఇద్దరూ ఆ చక్రం ముందు కూర్చున్నారు. ఒకడు తిప్పడం, ఇంకొకడు పొడి అదమడం, ఇద్దరూ కలిసి నన్ను తాగమనడం. నాకు నిద్ర పట్టక చచ్చాను గానీ, చివరికి పైన తేనె రంగు నురగతో చిక్కటి కాఫీ దిగింది. అన్న దాన్ని తాగకుండా కాసేపు చూస్తూ ఉండిపోయాడు.

అలా సాయంత్రాలు గడుస్తుంటే గింజలు అయిపోయాయి. భద్రాచలంలో కొట్లన్నీ తిరిగాను. అందరి దగ్గరా చికోరి కలిపిన పొడే. ఒక కొట్టాయన అయితే కాఫీకి గింజలుంటాయా అన్నట్టు చూశాడు. చివరికి మిల్లుకు కర్ర తోలే లారీ డ్రైవర్ ఒకాయన కాఫీ తోటలుండే మారేడుమిల్లి నుంచి ఓ సంచీ తెచ్చిచ్చాడు. తీరా చూస్తే పచ్చి గింజలు, ఆకుపచ్చగా, రాళ్లలా ఉన్నాయి. అయితే ఏమిటి? పల్లీలు వేయించినదాన్ని, నువ్వులు వేయించినదాన్ని, నాకు ఇవొక లెక్కా! ఇనుప మూకుడు పెట్టి, చిటపటలాడేదాకా నల్లగా వేయించాను. మా అత్తగారింట్లో ఏది వేయించినా దించే ముందు చెంచాడు నెయ్యి వేస్తారు. నేనూ వేశాను. వాసన వీధి చివరిదాకా పోయింది. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసి, "అబ్బ, ఏం చేస్తున్నవే?" అంది. నా గర్వం గురించి ఇక చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం కాఫీ అదిరిపోయింది. తర్వాతి రోజు కొంచెం తక్కువ దిగింది. ఆ తర్వాతి రోజు ఆరింటికి మీట నొక్కితే గ్రైండర్ గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. చప్పుడు లేదు. డబ్బా తీసి వేలు పెట్టి చూస్తే లోపల పొడి కాదు, ముద్ద. నెయ్యి, కాఫీ కలిసి సున్నిపిండిలా పళ్లకు పట్టేసింది.

మా ఆయన రెండో షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో నేనూ అన్నా. "ఏమైంది?" అన్నాడు గుమ్మంలో నిలబడి. "ఏం కాలే, రెండు నిమిషాలు" అని పిన్నీసు పెట్టి గీకాను, వెనక్కి తిప్పి తట్టాను. రాలేదు. అన్న లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చాడు.

"గోదారి దాకా నడిచొస్త."

"ఇప్పుడెందుకు?"

"ఊరికెనే."

నాకు ఒళ్లు మండిపోయింది. అతని మీద కాదు, ఆ నెయ్యి చెంచా మీద. అయినా అరిచింది అతని మీదే. "పో! పోతే పో! గోదారి దారిల ఏమున్నదో నాకు తెల్వదా? బెల్టు షాపు దాటకుండ గోదారి ఏడికెళ్లి వస్తది?" అన్నాను. అన్న చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. నాకు వదిన మాట చెవిలో గింగురుమంటోంది. చెప్పేద్దామా అనిపించింది. నువ్వు తాగితే వదిన వెళ్లిపోతుంది అంటే ఆగుతాడేమో. కానీ ఆ భయంతో ఇవాళ ఆగినవాడు రేపు ఆ భయం తట్టుకోలేకే తాగుతాడని కూడా అనిపించింది. పళ్లు బిగపట్టి ఊరుకున్నాను.

అన్న గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి వెనక్కి తిరిగాడు. మొహమంతా చెమట.

"చెల్లె, నువ్వు బయటికి పో. ఎనక తలుపుకు తాళం వేసి చెవి నీ కొంగుకు కట్టుకో. ముందు తలుపుకు బయటికెళ్లి గొళ్లెం పెట్టు. నేను తియ్యమనేదాక తియ్యకు. తిట్టినా తియ్యకు."

అతను నాకన్నా పెద్దవాడు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు. అతన్ని ఇంట్లో పెట్టి గొళ్లెం వేయడానికి నా చెయ్యి రాలేదు. "పెట్టు!" అని అరిచాడు. పెట్టాను. మెట్ల మీద కూలబడ్డాను.

లోపల ఏదో గట్టిగా పడ్డ చప్పుడు. నన్ను, ఆ మెషిన్‌ను, దాన్ని అమ్మిన ఇంజనీరును కలిపి తిట్టాడు. తలుపు మీద ఒకసారి గుద్దాడు. నేను గొళ్లెం వైపు చూడకుండా కొంగు చివర తాళంచెవి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తిట్లు ఆగాయి. స్క్రూలు గిన్నెలో పడుతున్న చప్పుడు, బ్రష్షుతో గీకుతున్న చప్పుడు వినబడ్డాయి. తర్వాత వంటింటి కిటికీలోంచి పొగ మొదలైంది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది.

"మీ ఇంట్ల ఏమో మాడుతున్నది! నువ్వేంది గిట్ల బయట కూసున్నవ్? తలుపుకు గొళ్లెమేంది?"

"మా అన్న వంట నేర్చుకుంటుండు. మధ్యల పోతే సిగ్గుపడ్తడు."

ఆవిడ నా మొహం చూసింది.  వచ్చి నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. అంతకు ముందు ఎన్నోసార్లు ఆవిడతో పోట్లాడాను, తర్వాతా పోట్లాడాను. ఆ సాయంత్రం మాత్రం ఆవిడ భుజం నా భుజానికి తగులుతుంటే ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను.

చీకటి పడే వేళకు గ్రైండర్ గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే, "ఇగ తియ్" అన్నాడు అన్న. తలుపు తీస్తే వంటిల్లంతా పొగ, నేలంతా గింజల పొట్టు. అన్న పచ్చి గింజలు నెయ్యి లేకుండా వేయించుకుని, గ్రైండర్ పళ్లు తుడిచి బిగించి, కాఫీ దింపాడు. మూడు కప్పులు. బయట ఎవరున్నారో కిటికీలోంచి చూశాడన్నమాట. పక్కింటావిడ గుటక వేసి, మొహం వంకర పెట్టి, "మంచిగనే ఉంది" అంది. పచ్చి అబద్ధం. నేను మాత్రం ఏడుస్తూ తాగాను.

తర్వాత ఎన్నో సాయంత్రాలు గడిచాయి. ఆ గొళ్లెం ఇంకొన్నిసార్లు పెట్టాల్సి వచ్చింది, అన్న అడిగినప్పుడల్లా పెట్టాను. తర్వాత అడగడం తగ్గింది. డాక్టరు ఇక డ్యూటీకి వెళ్లొచ్చన్నాక ఓ ఆదివారం వదిన వచ్చింది. పిల్లల్ని తీసుకురాలేదు. అది చూసి ఇంకా నిర్ణయించుకోలేదని నాకు అర్థమైంది. కుర్చీ అంచున కూర్చుని అన్న కాఫీ చేయడం చూస్తోంది. చక్రం జరిపాడు, పొడి అదిమాడు, కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. తాగింది. 

నేను మా అన్నను మెచ్చుకుంటూ పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాను. అన్న నన్ను చెయ్యెత్తి ఆపాడు.

"చెల్లె చెప్పినంత మొగోన్ని కాను నేను" అన్నాడు వదినతో. "మంచిగైన అని చెప్పను. ఈడ తట్టుకోలేనప్పుడు చెల్లెతోటి బయట గొళ్లెం పెట్టించుకున్న. గట్ల ఆగిన. మనింట్ల ఎట్లనో నాకే తెల్వదు. నీకు భయమైతే నన్ను ఈడనే ఉంచు, నేనేమనుకోను."

 ఇన్నాళ్లు కష్టపడి నేను కట్టిందంతా ఒక్క మాటతో కూలగొడుతున్నాడని కోపమొచ్చింది. వదిన కప్పు కింద పెట్టింది. ఎప్పుడూ ఎవరి ముందూ ఏడవని మనిషి, కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయి అన్న వైపు చూసింది.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నాకు గిట్ల నిజం చెప్పినవా?" అంది. లేచి, దండెం మీద ఆరేసిన అన్న చొక్కాలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టింది.

"గొళ్లెం నేను పెడ్త. నడువు ఇంటికి."