కోడిపుంజు కలర్‌లో మూడో వంతు

సాత్తూరులో కోడిపుంజు మార్కు కలర్ సోడా ఏ రోజు కలుపుతారో మా వీధివాళ్ళకి వాసనను బట్టే తెలిసేది. అది కలర్ వాసన కాదు, సాంబ్రాణి వాసన. ఆ కంపెనీ అన్నదమ్ములు ముగ్గురివీ పక్కపక్క ఇళ్ళు. తన వంతు ఎసెన్సు కాచుకునే పూట ఎవరి వంటింట్లో వాళ్ళు కళ్ళు మండేంతగా సాంబ్రాణి పొగ వేసేవాళ్ళు. పొయ్యి మీద ఏం కాగుతోందో పక్కింటి ముక్కుకి తెలియకూడదు.

కంపెనీ గేటుకి ఎదురుగా మా కొట్టు. కొట్టువాణ్ణి కాబట్టి అందరికీ నేను అణ్ణాచ్చిని, అంటే అన్నని. కారాసేవు పొట్లంతో పాటు కోడిపుంజు సీసా మూత తీసి ఇవ్వడం మా నాన్న కాలం నుంచీ ఉంది.

కంపెనీ పెట్టినవాడు వేలాయుధం. సోడా సీసా పేలితే కళ్ళు పోకుండా ముఖానికి గోనెపట్టా కట్టుకుని చేత్తో మిషను తిప్పినవాడు. గులాబీ రంగు కలర్ కనిపెట్టి, ఆ కలిపే విధానం కొడుకులిద్దరికీ నేర్పాడు. చిన్నకొడుకు తేని ఊరికి పోయి, అదే కలర్‌ని సీసా మీద నెమలి బొమ్మేసి అమ్మాడు. పెద్దకొడుకు చెల్లయ్య ఆ దెబ్బ మరిచిపోలేదు. తన ముగ్గురు కొడుకులూ పెద్దవాళ్ళయ్యాక ఆ విధానాన్ని మూడు ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెవిలో చెప్పాడు. పాకం చల్లారాక పెద్దవాడు అరుణగిరి, తర్వాత తవసి, ఆఖర్న జయకొడి ఒక్కొక్కరే ఎసెన్సు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని తమ వంతు పోసి వచ్చేవారు. మిగిలినవాళ్ళు వాకిట్లో వీపు తిప్పి నిలబడాలి.

తవసికి చక్కెర జబ్బుతో చూపు పోయింది. భార్య తంగపుష్పం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేది. దారి చూపించడానికే అనుకున్నారు మిగిలినవాళ్ళు. కాచడం, కొలవడం, పొయ్యడం అన్నీ ఆమే చేసేదని తవసి పోయాక గాని వాళ్ళకి తట్టలేదు.

కర్మ అయిన మర్నాడు అరుణగిరి ఆమె వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు.

“జయకొడీ, మీ వదినని అడుగు. తవసి చెప్పి పోయాడా, కట్టెల్లోకి తీసుకుపోయాడా?”

తలుపు వెనక నుంచి జవాబు వచ్చింది. “చెప్పే పోయారని మీ అన్నతో చెప్పు జయకొడీ.”

“అయితే నాకు చెప్పమను. ఆడమనిషికి ఆ బరువెందుకు?”

“బరువనిపించిన రోజు దించుకుంటానని చెప్పు.”

కంపెనీ అరుణగిరి పేరు మీద ఉంది. తమ్ముళ్ళ వాటాలు నోటిమాట. తన చేతిలో ఆ వంతు ఉన్నంత వరకే ఆ వీధిలో తనకి వాటా ఉంటుందని తంగపుష్పానికి తెలుసు. కాచిన గిన్నె పనిమనిషికి వెయ్యకుండా తనే బూడిద పెట్టి తోమి, ఆ కడుగునీళ్ళు తన పెరట్లోనే పోసుకునేది.

కొన్నేళ్ళు అలాగే నడిచింది. అంతలో పెద్ద కంపెనీల నల్ల కలర్లు ఊళ్ళోకి వచ్చాయి. కోడిపుంజు తాగేవాళ్ళు తగ్గారు. తాగేవాళ్ళు కూడా సగం సీసా వదిలేసేవారు.

“ఏంటి అణ్ణాచ్చీ, మీ పుంజు ముసలిదైపోయిందా? కూతే లేదు!” అని లారీ డ్రైవర్లు నన్ను ఏడిపించేవారు.

వాళ్ళ మాట నిజమే. రుచి పలచబడింది. ఒకసారి ఏలక్కాయ వాసన, ఇంకోసారి సోంపు వాసన. పాత రుచి మాత్రం కాదు.

తంగపుష్పం తమ్ముడు కోవిల్‌పట్టిలో కూల్‌డ్రింక్ కొట్టు తెరవడంతో, ఆమె తన వంతుని బయటికి మళ్ళిస్తోందన్న అన్నదమ్ముల అనుమానానికి ఒక అడ్రసు దొరికింది. జయకొడి మా కొట్లో బెంచీ మీద కూర్చుని గొంతు తగ్గించాడు.

“వదిన నిన్న పుట్టింటికెళ్ళింది చూశావా? సంచీ బరువుగా ఉందా?”

“అరటిపళ్ళు కొనుక్కెళ్ళిందయ్యా.”

“అరటిపళ్ళ కింద?”

నేను నవ్వాను. కానీ మళ్ళీ ఆమె బస్సు దిగి వచ్చినప్పుడు నా కళ్ళు కూడా ముందు ఆ సంచీ మీదికే వెళ్ళాయి.

చివరికి వాళ్ళ మేనమామ అయ్యాదురైని పిలిపించారు. ఆయన అన్నీ విని తేల్చేశాడు. “శుక్రవారం తలుపు తీసిపెట్టి కలపండి. దొంగెవడో గంగాళమే చెబుతుంది. రుచి చూడడానికి ఎదురు కొట్టు అణ్ణాచ్చి వస్తాడు.”

తలుపు తీసిపెట్టి పోస్తే తంగపుష్పం వంతు అందరి పాలవుతుంది. పోయనంటే దొంగ అవుతుంది. గురువారం సాయంత్రం ఆమె మా కొట్టుకి వచ్చి బజారు రకం గులాబీ పన్నీరు సీసా ఒకటి కొంది. ఎందుకని నేను అడగలేదు.

శుక్రవారం పొద్దున అందరం ఎసెన్సు గది గడప దగ్గర నిలబడ్డాం. గంగాళంలో పాకం చల్లారి ఉంది. తంగపుష్పం చేతిలో వైరు బుట్ట, దాని మీద కప్పిన గుడ్డ.

ముందు అరుణగిరి వెళ్ళాడు. సీసా మూత తీసి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని పోశాడు. తంగపుష్పం కాసేపు గాలి పీల్చి, బుట్టలో చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగింది.

“ఏమ్మా, ముహూర్తం చూడాలా?” అన్నాడు అయ్యాదురై.

ఆమె సీసా తీసి పోసింది. మా కొట్లో అమ్మే పన్నీరు వాసన నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?  జయకొడి ఆఖర్న తనది పోసి, తెడ్డుతో కలియబెట్టాడు.

సోడా పట్టించి మొదటి గ్లాసు అయ్యాదురైకి ఇచ్చారు. ఆయన ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు.

“ఇదేం కలర్రా? కాళ్ళు కడిగిన నీళ్ళలా ఉంది!”

 ముగ్గురూ గంగాళంలోకే చూస్తున్నారు.

“బావి నీళ్ళు మారాయి మామా,” అన్నాడు అరుణగిరి.

“అవును, నీళ్ళే,” అన్నాడు జయకొడి వెంటనే.

“ఏమ్మా తంగపుష్పం?”

“నీళ్ళే మామా,” అంది ఆమె.

అయ్యాదురై నా వైపు తిరిగాడు. నేను కూడా నీళ్ళ మీదికే తోశాను. ఆయన ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. “అయితే బావికి పంచాయతీ పెట్టుకోండి,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తంగపుష్పం కొట్టుకి వచ్చింది. ఎవరూ లేరని చూసుకుని తనే అంది. “రెండు సీసాలూ తీసుకెళ్ళాను అణ్ణాచ్చీ. నిజం వంతే పోద్దామనుకున్నాను, ఒట్టు. పోతే వాటా పోతుంది, దొంగ పేరైనా పోతుందని.”

“మరి?”

“పెద్దాయన, అదే మా బావగారు, ఆయన వంతులో లవంగం ఉండాలి. మా ఆయనకి కళ్ళు లేకపోయినా ముక్కుందిగా, ఆయనే చెప్పారు. ఇవాళ పోసినదాంట్లో లవంగం లేదు. ఉత్త చక్కెరనీళ్ళు. పెద్దాయన తనది దాచుకున్నాక నేనొక్కదాన్నే విప్పి చూపించాలా?”

“రుచి పోయింది మాత్రం ఇవాళ కాదుగా తల్లీ.”

ఆమె బెంచీ మీద కూర్చుంది. “పెద్దాయన గంగాళంలోంచి సీసాడు తీసి మదురైలో పరీక్షకి పంపాడని విన్నాను. అప్పటినుంచి ఏది ఏదో తేలకుండా నా వంతు తగ్గించి ఏలక్కాయ నీళ్ళు కలుపుతున్నాను. ఆయన నేను పంపానని విన్నాడేమో. జయకొడి మా ఇద్దరి గురించీ విన్నాడేమో. ఎవరి జాగ్రత్త వాళ్ళది.”

“ఇలాగైతే కంపెనీ మూసుకోవడమే.”

“మూస్తే నా వంతు ఎవరికి కావాలి? అందుకే వచ్చే కలుపుకి నిజందే, నిండుగా పోస్తాను. తలుపేసుకునే లెండి.”

తర్వాతి కలుపుకి తలుపు వేశారు. మగవాళ్ళిద్దరూ ఎప్పటిలాగే వీపు తిప్పి నిలబడ్డారు. సీసాలు కొట్టుకి వచ్చాక ఆమె గడప అవతలే నిలబడి, నేను తాగుతుంటే నా ముఖం చూసింది.

“గులాబీ బాగా తెలుస్తోంది,” అన్నాను. “పుల్లదనం కూడా పాతదే. జయకొడి కూడా నిండుగానే పోసినట్టున్నాడు.”

“లవంగం?”

ఇంకో గుక్క తాగి చూశాను. “లేదు.”

ఆమె అరుణగిరి ఇంటి వైపు చూసింది. అక్కడ కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

“ఉండనివ్వండి. అది తక్కువైనన్నాళ్ళు కలర్ నిలబడేది నా గులాబీ మీదే, ఆయన నన్ను వెళ్ళమనలేడు,” అని ఖాళీ సీసాల పెట్టె నడుముకెత్తుకుని గేటు దాటింది.