అక్క విమానానికి మోకుల పరీక్ష

ఆ రోజుల్లో కలకత్తా రేవు పక్కనున్న మా వాట్‌గంజ్‌లో విమానం ఎక్కినవాడు ఒక్కడూ లేడు గానీ, విమానాల గురించి తనకి తెలియదని ఒప్పుకున్నవాడూ లేడు. అందరికంటే ఎక్కువ తెలిసినవాణ్ణి నేను. ఆ రేవులోనే టాలీ గుమస్తాగా, అంటే ఓడకెక్కే బస్తాలు లెక్కపెట్టేవాడిగా చేరి అప్పటికి మూడు నెలలు (ఆ మూడు నెలలూ నేల మీద నడిచినట్టు నాకు గుర్తులేదు). సరిగ్గా అప్పుడే నర్సు చదివిన మా అక్కకి ఆఫ్రికాలో ఒక దేశపు ఆసుపత్రి నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. బొంబాయి వెళ్లి ఆ దేశం వాళ్ల విమానమే ఎక్కాలి. అక్క వస్తుందో రాదో సోమవారం వాళ్లకి తంతి కొట్టాలి. ఇల్లంతా పండగే, ఒక్క నాన్నకి తప్ప.

నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా రేవులో ముఠా మేస్త్రీ. "ఆళ్ల ఇమానం మంచిదని ఎవుడు సెప్పాడ్రా?" అన్నాడు. నేను ఆఘమేఘాల మీద భవానీపూర్‌లో టిక్కెట్లమ్మే ఆఫీసుకి పోయాను. అక్కడి బాబు "కోనో చింతా నేయ్, దాదా" (ఏం దిగులు లేదన్నా) అని ఓ రంగుల కాగితం చేతిలో పెట్టాడు. అందులో ఒకమ్మాయి ట్రే పట్టుకుని నవ్వుతోంది. నాన్న దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఈ పిల్ల నవ్వితే ఇమానం పడిపోదేటి?" అన్నాడు. అక్క గుడ్ల నీరు కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఓడ మంచిదో కాదో తేల్చడానికి నాన్నకో పద్ధతుంది. పైకెక్కి డెక్కు మీద మోకులు ఎలా చుట్టిపెట్టారో చూస్తాడు. చిందరవందరగా ఉన్నాయా, ముఠాని లోపలికి దింపడు (దీని మీద దొరలతో గొడవపడ్డాడు కూడా). ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉన్నట్టుండి అన్నాడు: "ఆ దేశం ఓడ గోనెసంచుల కోసం వచ్చి రేవులో ఉంది కదా. రేపు దాని మోకులు సూత్తాను. ఓడని సూసుకునే బుద్ధే ఇమానానికీ ఉంటాది. బాగుంటే ఎల్తాది. నేదంటే నేదు."

ఆరోజు మధ్యాహ్నమే ఆ ఓడెక్కాను. మోకులన్నీ పశువులు తొక్కేసిన గడ్డిలా పడున్నాయి. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, నావికుల పెద్ద అయిన సరంగుకి అక్క సంగతీ, నాన్న సంగతీ చెప్పాను. ఆ దేశం వాడే, ఆరడుగుల మనిషి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత చొక్కా విప్పి నా పక్కన కూర్చున్నాడు. పొద్దువాలేదాకా ఇద్దరం మోకులు చుట్టాం. చేతులు బొబ్బలెక్కినా నాకు ఈల వెయ్యాలనిపించింది.

సోమవారం పొద్దున్న నాన్న ఆ మోకుల ముందు చాలాసేపు నిలబడ్డాడు. వంగి రెండు మూడు తట్టి చూశాడు. సరంగు వైపు చూశాడు. "మంచోళ్లే. ఎల్లమను," అని దిగిపోయాడు. నేను తంతి ఆఫీసుకి ఒకటే పరుగు. వారం తిరక్కుండా హౌరాలో అక్కని బొంబాయి రైలెక్కించాం. మా నాన్నని బురిడీ కొట్టించానని ఎన్నేళ్లు పొంగిపోయానో.

నాన్న ముసలాడయ్యాక ఒకరోజు, ఇక తిట్టే ఓపిక ఉండదనే ధైర్యంతో, అసలు సంగతి చెప్పేశాను. ఆయన బీడీ కింద పెట్టలేదు.

"ఎప్పుడో తెలుసు. సగం మోకులు మన పడవలోళ్ల సుట్టు. నీకు నేర్పినోణ్ణి నేను కాదేటి?"

"మరి అక్కని ఎలా పంపావు నాన్నా?"

"తక్కిన సగం ఆ సరంగు సుట్టురా. ఆదివారం పూట, ఎవుడింటి పిల్లో, ముఖమైనా సూడని పిల్ల కోసం ఆడు కూకుని సుట్టాడు. అలాంటోళ్లున్న కాడికి పిల్లని పంపడానికి బయమేటి?"

అప్పటికి నాకు నలభై దాటాయి. నేను తెలివైనవాణ్ణని నలుగురిలో చెప్పుకోవడం ఆ రోజు నుంచి కాస్త తగ్గించాను.