లేని చేతికి నేను చేసిన వైద్యం

తొంభైల చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, మావాళ్ళు బతుకుతెరువుకు వెళ్ళిన హిందీ ప్రాంతపు బీర్‌గావ్‌లో, వాడంతా చూస్తుండగా, నేనొక మనిషికి మిగిలి ఉన్న ఒక్క చేతినీ మాయం చేశాను. కత్తి వాడలేదు, మత్తుమందు వాడలేదు. మా అమ్మ తల దువ్వుకునే అద్దం వాడాను. అలా నవ్వకండి. ఆ రోజు అక్కడ నవ్విన వాడొక్కడూ లేడు, నేనైతే అసలే నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. రైలు వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తాని. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో నాన్నకిచ్చిన క్వార్టరులో ఉండేవాళ్ళం. నా పనల్లా వచ్చిన ఉత్తరాలకు నంబర్లు వెయ్యడం. మనసులో మాత్రం నేనొక మహా శాస్త్రజ్ఞుణ్ణి. ఇంగ్లీషు పత్రికలో ఒక పేరా అర్థమైతే మూడు పేరాలు ఎదుటివాడికి బోధించేవాణ్ణి. కాలనీలో నన్ను చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు చాలామందే ఉండేవారు. నా తెలివి చూసి బెదురుతున్నారనుకునేవాణ్ణి.

మా ఇంట్లో పత్రికలు కొనరు కాబట్టి నా పరిశోధనలన్నీ మంగలి షాపులోనే. అక్కడ నెలల నాటి పత్రికలు దొంతరగా ఉండేవి. ఒకరోజు అలా బెంచీ మీద కూర్చుని మెదడు గురించి ఒక వ్యాసం చదువుతున్నాను. ప్రమాదంలో చెయ్యి పోయినా మెదడులో దాని చోటు దానికి ఉంటుందట. అందుకే లేని చెయ్యి ఉన్నట్టే తెలుస్తుందట, నొప్పి కూడా పుడుతుందట. మెదడులో చేతి చోటు పక్కనే ముఖం చోటు ఉంటుంది కాబట్టి, కొందరికి చెంప తాకితే లేని వేళ్ళను తాకినట్టు ఉంటుందట. చదువుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది.

సరిగ్గా అప్పుడే కుర్చీలోంచి కేక వినిపించింది.

"ఆగరా! బొటనేలు తెగిపోద్ది!"

గడ్డం గీయించుకుంటున్న అప్పలస్వామి మావయ్య కేక అది. చుట్టరికం లేకపోయినా మా నాన్నదీ ఆయనదీ విజయనగరం దగ్గర ఒకటే ఊరు, అందుకని మావయ్య. ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో రేకులు కోసే యంత్రంలో పడి ఎడమ చెయ్యి మోచేతి కింది నుంచి పోయింది. అయిదేళ్ళయింది. ఆ తర్వాత అదే ఫ్యాక్టరీలో గేటు దగ్గర కూర్చోబెట్టారు.

మంగలి కత్తి పైకెత్తి బిత్తరపోయాడు. "కౌన్ సా అంగూఠా, చాచా? మై తో గాల్ పే హూఁ!"

ఏ బొటనవేలు, నేను చెంప మీద ఉన్నానుగా అని వాడి గోల. మావయ్య మొహం ఎర్రబడిపోయింది. తువ్వాలుతో నురగ తుడిచేసుకుని, సగం గడ్డంతోనే బయటికి నడిచాడు. నేను పత్రిక పట్టుకుని వెనకాలే పరుగెత్తాను.

"మావయ్యా, ఎడమ చేతి బొటనవేలేనా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "నీకెలా తెల్సురా?"

"పుస్తకంలో ఉంది!"

"నా గురించా?" అని భయంగా అడిగాడు.

కాసేపటికి రోడ్డు పక్కన అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాడు. ఆ మాటలు చెబుతుంటే నా ముఖం కేసి చూడలేదు.

"ఆ సెయ్యి ఎక్కడికీ పోలేదు అల్లుడూ. ఈడనే ఉంది. ముడుసుకుని ఉంటది, పిడికిలి. గోళ్ళు అరిసేతిలో దిగిపోతన్నట్టు దర్దు, ఒకటే నొప్పి. ఇప్పుదామంటే ఇచ్చుకోదు. నిద్దరుండదు. మీ అత్తతో తప్ప ఎవులికీ సెప్పలేదు. పాగల్ అంటారు కదా."

అత్త పైడమ్మకు దీనికి ఒక వివరణ ఉందట. తెగిన చేతిని గుడ్డలో చుట్టి పూడ్చిపెట్టినప్పుడు అది ముడుచుకుని ఉందనీ, తవ్వి తీసి వేళ్ళు సాపు చేసి మళ్ళీ పూడిస్తే నొప్పి పోతుందనీ ఆమె నమ్మకం. గునపం కూడా తెచ్చి తలుపు వెనక పెట్టిందట. మావయ్యే ఇప్పటిదాకా ఆపుతూ వస్తున్నాడు.

చూశారా, ఎంత బాధ! ఒక మనిషి అయిదేళ్ళుగా లేని పిడికిలి విప్పలేక తెల్లవార్లూ మెలకువగా ఉంటున్నాడు. నా గుండె కరిగిపోయింది. గుండెతోపాటు బుర్ర కూడా కొంత కరిగిందని తర్వాత తేలింది.

ఎందుకంటే ఆ వ్యాసం చివర్లో వైద్యం కూడా రాసి ఉంది. ఒక పెట్టె మధ్యలో అద్దం నిలబెట్టాలి. రెండు వైపులా రెండు చేతులు పెట్టించాలి. అద్దంలోకి చూస్తే మెదడు మోసపోతుంది, నొప్పి తగ్గుతుంది. ఎలా పెట్టాలో తర్వాతి పేజీలో బొమ్మ ఉందన్నారు. పేజీ తిప్పాను. కిటికీలా చతురస్రంగా కన్నం! బొమ్మ వెనకవైపు ఎవరో సినిమా తార ఫొటో ఉన్నట్టుంది. ఆ తార అభిమాని ఎవడో బ్లేడుతో శుభ్రంగా కోసుకుపోయాడు. కొంచెం బుద్ధున్న వాడైతే అక్కడితో ఆగిపోతాడు. నేను మాత్రం, బొమ్మ దేనికి, బుర్ర ఉందిగా అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే గోడకున్న అద్దం దించుతుంటే అమ్మ పట్టుకుంది.

"ఎక్కడికిరా అద్దం?"

"వైద్యానికి."

"ఎవులికి?"

"మావయ్య లేని చేతికి."

అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది.

ముందే అనుకున్నట్టు బీర్‌గావ్‌లో మావయ్య ఇంటికి వెళ్ళేసరికి పైడమ్మత్త వాకిలి కడిగి మంచం వాల్చింది. ఆపిల్ పళ్ళ చెక్కపెట్టె ఒకటి సంపాదించి ముందువైపు రెండు కన్నాలు చేశాను. కుడి కన్నం అరచెయ్యి బల్లపరుపుగా దూరేంత సన్నగా కోశాను. ఎందుకంటే ఏమీ లేదు, పనితనం. మధ్యలో అద్దం నిలబెట్టాను. ఇక్కడే అసలు ప్రశ్న వచ్చింది. అద్దం ముఖం ఎటు ఉండాలి? కుడి చేతి వైపా, ఎడమ వైపా?

నేను దీర్ఘంగా ఆలోచించాను. జబ్బు ఎడమ చేతికి. కుడి చెయ్యి గుండ్రాయిలా ఉంది, దానికెందుకు వైద్యం? కాబట్టి అద్దం ఎడమ వైపుకే చూడాలి. ఆహా అనుకుని ముఖాన్ని ఎడమకు తిప్పాను. అంటే ఏం జరుగుతుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మీరు అప్పుడెక్కడ ఉన్నారండీ?

వాడలో జనం పోగయ్యారు. ఎదురింటి సుఖ్‌రామ్ కుటుంబంతో సహా వచ్చాడు. నేను మెదడు మీద ఉపన్యాసం ఇచ్చాను. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. పైడమ్మత్త రెండుసార్లూ చేతులు జోడించి వింది.

"మావయ్యా, కుడి చెయ్యి ఈ కన్నంలో. ఎడమది ఆ కన్నంలో. తల ఎడమకి వంచి అద్దంలోకి చూడు. నేను చెప్పేదాకా కదలకూడదు. ఏం కనిపిస్తోంది?"

మావయ్య వంగి చూశాడు. ఎడమవైపు మోడు చెయ్యి. అద్దంలో, కుడి చెయ్యి ఉండాల్సిన చోట, ఇంకో మోడు చెయ్యి.



"ఓలమ్మోయ్! నా కుడి సెయ్యి!"

"ఉంది మావయ్యా, వెనకాలే..."

"లేదురా! రెండూ పోనాయి! ఏటి సేసీసినావురా నన్ను!"

"బయటికి లాగు, కనిపిస్తుంది!"

లాగాడు. రాలేదు. భయంతో కుడి చెయ్యి పిడికిలి బిగించేశాడు కదా, నేను పనితనం చూపించిన కన్నంలోంచి ఆ పిడికిలి ఎలా వస్తుంది? ఎంత గుంజితే అంత బిగుసుకుంది. పెట్టెతో సహా లేచి నిలబడి వాకిలంతా తిరగడం మొదలుపెట్టాడు. పక్కింటి వాళ్ళ మేక కంగారుపడి తాడు తెంపుకుంది.

"రావట్లేదే పైడీ! నా సెయ్యి రావట్లేదు!"

పైడమ్మత్త నెత్తి కొట్టుకుంది. "ఒక సెయ్యి బాగు సేస్తానని రెండోది తినేసినాడు! నీ సదువు తగలెయ్య! నీకు నానేటి అపకారం సేసినానురా గుంటడా!"

"కా హోగే? కా హోగే?" ఏమైంది, ఏమైంది అంటూ గోడల మీదుగా తలలు లేచాయి. ఎవరో బైగాను, అదే మంత్రగాణ్ణి, పిలవమన్నారు. సుఖ్‌రామ్ మాత్రం పనిమంతుడు. ఇంట్లోకి పరుగెత్తి ఇనుప రంపం తెచ్చాడు.

"ఝన్ డరా కకా! పేటీ లా కాటత్ హౌం!"

భయపడకు కాకా, పెట్టెనే కోస్తున్నా అని వాడి ఉద్దేశం. కానీ యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి మీదికి రంపం ఎత్తుకుని వస్తూ భయపడకు అంటే ఎవరు వింటారు? మావయ్య పెట్టె అడ్డం పెట్టుకుని మంచం చుట్టూ పరుగు. వెనక రంపంతో సుఖ్‌రామ్. వాడి వెనక "మెదడు మోసపోయింది అంతే, కంగారుపడకండి" అని అరుస్తూ నేను. నా వెనక చీపురుతో పైడమ్మత్త. ఆమె గురి మావయ్య మీద కాదు.

నాలుగో చుట్టులో గుమ్మంలో తెల్లచీర కనిపించింది. ప్రమీల సిస్టర్. మా కాలనీలోనే ఉండే గుంటూరు వైపు నర్సమ్మ. చర్చి నుంచి వస్తుంటే మా అమ్మ ఆపి, మావాడు అద్దం ఎత్తుకుని వైద్యానికి పోయాడు, కాస్త చూడమ్మా అందట. రిక్షా ఎక్కి నేరుగా వచ్చేసింది.

"ఆగండి!" అంది. అందరం ఆగాం. ఆవిడ గొంతు అలాంటిది. వార్డులో సెలైన్ కూడా ఆవిడ చెప్పినట్టు వింటుందని అనేవారు.

"బాబాయ్ గారూ, ముందు కూర్చోండి. ఊపిరి పీల్చండి. చెయ్యి అందులోనే ఉంది. పిడికిలి వదులు చెయ్యండి."

మావయ్య దీనంగా చూశాడు. "ఏ పిడికిలమ్మా?"

సిస్టర్ మోకాళ్ళ మీద ఆయన ముందు కూర్చుంది.

"రెండూ బిగుసుకున్నాయా?"

"రెండూ."

"ముందు కుడిదాని సంగతి చూద్దాం." మణికట్టు దగ్గర మెల్లగా నిమిరింది. వేళ్ళు వదులయ్యాయి. చెయ్యి బయటికి వచ్చింది. మావయ్య దాన్ని ముందూ వెనకా తిప్పి చూసుకుని, కళ్ళకద్దుకున్నాడు.

అప్పుడు నా వైపు తిరిగింది. "ఏంటయ్యా ఇది? ఏం చదివావు?"

చెప్పాను. పత్రికలో బొమ్మ చోట కన్నం ఉన్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ పెట్టెలోకి తొంగి చూసి నిట్టూర్చింది.

"లేని చెయ్యి ఉన్నట్టు కనపడాలంటే ఉన్న చేతిని చూపించాలి గానీ, లేనిదాన్నే రెండుసార్లు చూపిస్తావా? ఇంత చదువు ఎట్లా మోస్తున్నావయ్యా?"

పైడమ్మత్తకు ఈ ముక్క బాగా నచ్చింది. చీపురు దించలేదు గానీ నవ్వింది.

సిస్టర్ కుడి కన్నాన్ని విరిచి వెడల్పు చేసింది. అద్దం ముఖాన్ని కుడికి తిప్పింది. చూస్తే చూడండి, వద్దంటే పర్లేదు అని మావయ్యతో అంది. ఆయన చాలాసేపు తటపటాయించాడు. చివరికి రెండు చేతులూ పెట్టి, కుడివైపు నుంచి భయం భయంగా చూశాడు.

రెండు చేతులు. రెండూ నిండుగా, వేళ్ళతో.

"పిడికిలి పట్టండి. ఇప్పుడు రెండూ ఒక్కసారే మెల్లగా విప్పండి."

కుడి చెయ్యి విచ్చుకుంది. అద్దంలో ఎడమ చెయ్యి విచ్చుకుంది. మావయ్య నోరు తెరిచాడు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి.

"పైడీ," అన్నాడు చివరికి, "ఇచ్చుకుందే."

అత్త చీపురు కింద పడేసి ఆయన పక్కన కూలబడింది. పెట్టెలోకి తొంగి చూసి, అద్దంలోని చేతిని తాకబోయి, గాజు తగిలి ఆగిపోయింది. నేను గొంతు సవరించుకుని "చూశారా, నేను చెప్పిన..." అన్నాను.

"అల్లుడూ, ఇలా రా," అన్నాడు మావయ్య.

ఆశీర్వాదమనుకుని వంగాను. వీపు మీద దబ్బుమని ఒకటి పడింది. కుడి చెయ్యి బ్రహ్మాండంగా పనిచేస్తోందని రూఢి అయింది.

ఒక్కరోజులో తగ్గిపోయిందని అబద్ధం చెప్పను. పెద్ద డాక్టరుకు చూపించి, సిస్టర్ చెప్పినట్టు రోజూ కాసేపు అద్దం ముందు కూర్చోగా కూర్చోగా కొన్ని నెలలకు నొప్పి తగ్గింది. మావయ్య రాత్రులు నిద్రపోతున్నాడని, గురక పెడుతున్నాడని పైడమ్మత్త ఫిర్యాదు చేయడం కూడా మొదలుపెట్టింది.

ఏడాది గడిచాక ఉర్లా గేటు దగ్గర కనిపించాడు. ఎలా ఉందని అడిగాను. కాస్త దిగులుగా నవ్వాడు.

"దర్దు పోనాది. మెల్లమెల్లగా సెయ్యి కూడా పోనాదిరా. ఇప్పుడు ఏటీ తెల్దు అక్కడ. అన్నాళ్ళు నా కూడా ఉన్నాది కదా, ఏదోలా ఉంది, బెంగగా." కొంచెం ఆగి, నా చెవి దగ్గరికి వంగాడు. "నొప్పి లేకుండా సెయ్యి ఒక్కటీ తిరిగొచ్చే ఉపాయం ఏదైనా నీ పుస్తకాల్లో ఉంటే సూడు అల్లుడూ. నీకైతే దాన్ని కదిలించడం తెల్సు."

నేను సైకిలెక్కి బీర్‌గావ్ దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బొమ్మ లేని వ్యాసాన్ని ఆధారం చేసుకుని, ఈ జన్మలో, ఎవరి ఒంట్లోని ఏ అవయవాన్నీ, అది ఉన్నదైనా సరే, లేనిదైనా సరే, నేను ముట్టుకోను గాక ముట్టుకోను.