పాట నాదన్న పెద్దాయన

పాపటోయిటోయి అనే ఊళ్ళో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక ఇంగ్లండు పెద్దాయన ఉండేవాడు. రెండో భార్య సొంతూరని ఈ దేశం వచ్చి, ఆమె పోయాక ఒంటరిగా మిగిలాడు. హాల్లో రేడియోలో పాత పాప్ పాట మొదలైతే చాలు, చెంచా కింద పెట్టి "ఇది నేను రాసిందే" అనేవాడు. ఒకటి కాదు, వారంలో ఐదారు పాటలు. అన్నీ ఒకప్పుడు లండన్‌లో నంబర్ వన్‌గా మోగినవట. పాడినవాళ్ళ ముఖాలు రికార్డు అట్టల మీదకి ఎక్కాయట. తను మాత్రం వెనక గదిలో పియానో ముందే ఉండిపోయాడట.

"అవునండీ, మీదే. సూప్ తాగండి" అని భుజం తట్టేదాన్ని. షిఫ్ట్ అయ్యాక ఆయన గురించి మేం రోజూ రాసే నోట్స్‌లో 'అయోమయం, పాటలు తనవే అంటున్నారు' అని రాసేదాన్ని. తర్వాత డ్యూటీకొచ్చిన అమ్మాయిలూ నాది చూసి అదే రాశారు. అంత గొప్ప మనిషి మా మధ్య ఎందుకుంటాడని నా తెలివి.

ఆ చలికాలం మా తెలుగు చర్చిలో నేను కట్టిన పాటను తెర మీద వేశారు. కింద రచన అని పాస్టరు అయ్యగారి పేరు. ఆరాధన అయ్యాక ఆయన భార్య పాస్టరమ్మగారిని పక్కకు పిలిచి, నా పేరెందుకు లేదని అడిగాను.

"దేవుడి పాటకి మన పేర్లెందుకమ్మా? మహిమంతా ఆయనకే కదా."

"మరి అయ్యగారి పేరెందుకు ఆంటీ?"

"డ్యూటీలెక్కువై అలిసిపోయావమ్మా. ఎక్కడో విన్నది నీదనుకుంటున్నావేమో. ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకో" అంటూ భుజం తట్టింది.

ఒళ్ళు మండిపోయింది. అలా తట్టడం నాకు బాగా తెలుసు. కారులో కూర్చుని ఫోన్‌లో ఆ పెద్దాయన పేరు కొట్టాను. రేడియోలో విని తనదన్న ప్రతి పాటకీ రచన ఆయనదే. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమవారం వెళ్ళేసరికి ఆయన గది ఖాళీ. మేం రాసిన నోట్స్ చదివి డాక్టరు ఆయన్ని మతి తప్పినవాళ్ళని తాళం వేసి ఉంచే వార్డుకు మార్పించారట. పరుగున వెళ్ళి ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"ఇవన్నీ మీరు రాసినవే. నమ్మనందుకు క్షమించండి. నోట్స్ సరిచేయిస్తాను."

ఆయన అంతా చదివాడు. గుర్తుపట్టాడని కళ్ళే చెప్పాయి. తర్వాత తలుపు దగ్గర నర్సు వైపు చూసి, ఫోన్ మెల్లగా తిరిగిచ్చేశాడు.

"లేదమ్మా, నావి కావు. ఇక అలా అననని డాక్టరుతో చెప్పు. నన్ను నా గదికి పంపిస్తారేమో."