పాలు పితికే అంగీ

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో రామ్‌చందర్ పాలంటే పేరుంది. పేరు ఆయనదే గాని, రెండేళ్లుగా బర్రెలను పితుకుతున్నది ఆయన భార్య ఆండాలు. కీళ్లవాతం ఆయన వేళ్లను పట్టుకుని వదల్లేదు. మందులు వేసుకున్నా, ఎండెక్కేదాకా చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకోవలసిందే.

దాంతో ఇంటి పనులు తారుమారయ్యాయి. ఆమె కొట్టంలోకి, ఆయన వంటింట్లోకి. కుక్కర్ మూత తీయడం తప్ప అక్కడంతా ఆయన రాజ్యమే. పైకి నవ్వుతూనే ఉండేవాడు. కొట్టంలో ఇక తన అవసరం లేదన్న దిగులు మాత్రం లోపల తొలిచేసేది.

ఆ దిగులుకు కారణం ఒక అంగీ. దూడ దక్కనప్పటి నుంచి మోతీ అనే బర్రె ఆయనకు తప్ప ఎవరికీ పాలు చేపేది కాదు. ఆండాలు తక్కువదా? ఆయన పాత గళ్ల అంగీ తొడుక్కుని పొదుగు కింద కూర్చుంది. మోతీ వాసన చూసి మోసపోయింది. ఆనాటి నుంచి ఆ అంగీకి ఉతుకు లేదు. తనకంటే తన అంగీయే నయమనుకునేవాడు రామ్‌చందర్.

ఈమధ్య ఇంట్లోకి వాషింగ్ మిషన్ వచ్చింది. చేతకాని చేతులకు ఒక పని దొరికింది కదా అని, కంటపడ్డ బట్టనల్లా అందులో వేశాడు. ఆ అంగీ కూడా పోయింది. గులాబీ వాసన వచ్చే మందు కాస్త ఎక్కువే పోశాడు.

మర్నాడు అదే అంగీలో వచ్చిన ఆండాలును మోతీ వాసన చూసి బకెట్ తన్నేసింది.

"ఏందయ్యా, అంగీని ఏం జేసినవ్?"

"ఉతికిన. కంపు గొడ్తుందని."

"గా కంపుకే గదా అది పాలిచ్చేది. ఇగ నువ్వే అచ్చి జెప్పుకో."

రామ్‌చందర్ భయపడుతూనే వెళ్లాడు. అది తనను మరిచిపోయి ఉంటే? మోతీ ముఖం దగ్గర కూర్చుని, వంకరపోయిన వేళ్లతో మెడ నిమిరాడు.

"ఏంది మోతీ, గింత లొల్లి? తప్పు నాదే. ఆమె మీద కోపమెందుకు?"

మోతీ చెవులు తిప్పి వింది. ఆ వేళ్లను గరుకు నాలుకతో నాకింది. కాసేపటికే చేపింది. ఆండాలు పితుకుతున్న బకెట్‌లో నురగ పొంగుతుంటే ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆండాలు తల ఎత్తకుండానే అంది: "రేపటిసంది నువ్వు గీడనే కూసో. ఆ అంగీ నువ్వే తొడుక్కో."

"మరి చాయ్?"

"జర లేటైతది. ఏమైతది?"

మర్నాడు పొద్దున గులాబీ వాసనేస్తున్న అంగీని ఆయనే తొడుక్కున్నాడు. గుండీలు ఆండాలు పెట్టింది.