దెరామన్ కిడ్నీల సంగతి ఎవరికి తెలుసు

మలేషియాలోని కోటా భారు పెద్ద మార్కెట్లో జహారాకు బుడూ దుకాణం ఉంది. చేపల్ని ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసే ఆ నల్లటి రసం లేకపోతే అక్కడివాళ్ళకు అన్నం అన్నంలా ఉండదు. మోటారు సైకిళ్ళు బాగుచేసే దెరామన్ మొదట ఆ దుకాణానికి ఖాతాదారుడు, తర్వాతే ఆమెకు మొగుడు. వంతులు పద్ధతిగానే నడిచేవి: రెండు రోజులు పెద్దభార్య కల్సోం ఇంట్లో, రెండు రోజులు జహారా ఇంట్లో. సవతులు అక్కచెల్లెళ్ళలా సర్దుకుపోవాలని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల్లో ఎవరూ అవతలివాళ్ళ వంతు రోజున ఖాళీ ఇంట్లో కూర్చున్నవాళ్ళు కారు. జహారా కూర్చుంది, తొమ్మిదేళ్ళుగా.

కల్సోంకు ముగ్గురు పిల్లలు. అత్తగారి బీరువా తాళాలు ఆమె దగ్గరే. ఆయన ఊళ్ళో ఏ పెళ్ళికెళ్ళినా పక్కన నిలబడేది ఆమే. జహారాకున్నది ఒక్కటే, వంట. పెద్దింట్లో ఆయనకు ఉప్పులేని జావ పోస్తారని మార్కెట్ మొత్తానికీ తెలుసు. తెలిసేలా చేసింది జహారాయే. "పాపం, బాలింతకు పెట్టినట్టు పథ్యం పెడుతోందమ్మా మా పెద్దావిడ" అని ప్రతి బేరానికీ వడ్డించేది. జహారా వంతు రాగానే దెరామన్ బుడూలో పచ్చిమిరప, నిమ్మకాయ పిండుకుని రెండు పళ్ళేల అన్నం లాగించి, ప్రాణం లేచొచ్చింది అనేవాడు. ఆ మాటను ఆమె తర్వాతి రెండు రోజులూ నెమరేసుకునేది.

ఒక పొద్దున, ఆమె వంతులోనే, దెరామన్ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మాట ముద్దయిపోయింది. జహారా కారు పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కల్సోంకు ఫోన్ చెయ్యలేదు. ఇవాళ తన రోజు కదా.

తలకు తీసిన మొదటి ఫోటోలో మెదడులో ఏదో మసకగా కనబడిందట. గడ్డో, ఇంకేదో తేల్చుకోవడానికి ఎమ్మారై తియ్యాలన్నారు, నరంలోకి రంగుమందు ఎక్కించి. కిడ్నీల కోసం రక్తపరీక్షకిచ్చిన నమూనా పాడైంది, రెండోది పంపారు, జవాబు ఇంకా రాలేదు. కిడ్నీ జబ్బేదీ లేకపోతే ఆగక్కర్లేదని డాక్టర్ చెప్పి వెళ్ళాడు.

యంత్రం దగ్గర ఫిత్రీ అనే కుర్ర టెక్నీషియన్ ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఒంట్లో లోహపు ముక్కలున్నాయా, గుండెకు మిషనుందా అని అడిగి, కిడ్నీల దగ్గరకొచ్చాడు.

"ఆయనకే రోగమూ లేదు బాబూ. నా వంట రెండు పళ్ళేలు తింటాడు" అంది జహారా.

"అది కాదు పిన్నీ. ఈ మందులో లోహం ఉంటుంది. బాగున్న కిడ్నీలైతే ఒంట్లోంచి పంపించేస్తాయి. బాగా చెడిపోయినవైతే లోపలే ఉండిపోతుంది. పాతరకం మందులతో అలాంటి కొందరికి చర్మం తోలులా బిగిసి, కీళ్ళు కూడా వంగలేదు. ఇప్పటి రకాలతో అది చాలా అరుదు. అయినా అడక్కుండా ఎక్కించం. కాళ్ళు వాస్తాయా? ఎప్పుడైనా ఉప్పు మానమన్నారా?"

జహారాకు సాయంత్రాలు ఆయన మేజోళ్ళు విప్పితే పిక్కల మీద లోతుగా పడే గీతలు గుర్తొచ్చాయి. కొత్త మేజోళ్ళు కదా అనేవాడు. ఆ వెంటనే జావ గుర్తొచ్చింది. తను ఎగతాళి చేసింది నిజం పథ్యాన్నేనా, అయితే?

తెలిసినవాళ్ళను అడగాలి. అడిగితే కల్సోం వస్తుంది. వచ్చి, తనకు తెలియని మొగుడి గురించి తన ముందే డాక్టర్లకు చెబుతుంది. చాలా అరుదు అన్నాడు కదా ఈ అబ్బాయి, అనుకుంది జహారా. ఆ మాటను కాసేపు పట్టుకు వేలాడింది కూడా. కానీ ఆయన కొయ్యలా బిగుసుకుపోయి మంచం పడితే ఎవరింట్లో పడతాడు? పిల్లలున్న ఇంట్లోనే. ఊరు ఊరంతా అక్కడికే పళ్ళు పట్టుకెళ్ళి కల్సోం సేవ చూసి కళ్ళు తుడుచుకుంటుంది. అది ఆమె తట్టుకోలేకపోయింది. ఆమెకు జ్ఞానోదయం అయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఫోన్ చేయించింది ఆ అసూయే.

విషయం విన్న కల్సోం ముందు ఏడవలేదు, తిట్టలేదు. "ఆ మందు ఎక్కించొద్దని చెప్పు. రెండు కిడ్నీలూ కలిపి నూటికి పదిహేను పాళ్ళే పనిచేస్తున్నాయి, రెండేళ్ళ నుంచీ" అంది. తర్వాత అడిగింది, "నిన్న బుడూ పెట్టావా?"

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఆయనే వద్దన్నాడు. ఒక్క ఇంట్లోనైనా నన్ను మగాడిలా ఉండనివ్వు, నీ దగ్గర ఎలాగూ రోగినే కదా అన్నాడు. నాకేం సంబరమనుకున్నావా ఆ మాట వినడం?"

డాక్టర్ మందు మాట పక్కనపెట్టి, అది లేకుండానే ఫోటో తీయించాడు. గడ్డ కాదు, మెదడులో చిన్న రక్తనాళం పూడుకుపోయింది. అది చూడ్డానికి రంగుమందు అవసరమే పడలేదు. కల్సోం వస్తూనే ఏ మాత్ర ఎంత మోతాదో, ఏది పడదో గడగడా చెప్పింది. నర్సులు ఆమెనే అడిగారు, ఆమెకే చెప్పారు. జహారా గోడకానుకుని నిలబడి ఆ మాత్రల పేర్లు మనసులో వల్లె వేసుకుంది.

నాలుగో రోజుకు దెరామన్ మాట కొంత తిరిగొచ్చింది. మంచానికి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. ఆయన కల్సోంను చూడలేదు. జహారా వైపే దొంగలా చూసి, "నీకు చెప్పేసిందా?" అన్నాడు.

తొమ్మిదేళ్ళలో ఆయన తనకు భయపడటం జహారా చూడలేదు. కల్సోం ముందు మూత్రం సీసా పట్టుకుని నిలబడటానికి సిగ్గుపడని మనిషి, తన ముందు మాత్రం రెండేళ్ళు వేషం వేశాడు. అది తన మీద ప్రేమేనని ఎవరైనా చెప్పవచ్చు. ఆమెకు మాత్రం గడప బయట నిలబెట్టినట్టే అనిపించింది.

దుప్పటి తొలగించి, వాచిన ఆయన పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"ఇకనుంచి నా ఇంట్లో కూడా రోగిలానే ఉండండి" అంది.

సవతి వచ్చిన రోజున కూడా నోరెత్తని కల్సోం, రోగిగానైనా తనకొక్కదానికే దక్కిన మొగుణ్ణి కూడా పంచుకోవాల్సి వచ్చినట్టు, ఆ మాటకు ముఖం మాడ్చుకుని, సంచీ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.