సెన్సరు మీద తువ్వాలు

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో, ల్యాప్‌టాప్‌కు తగిలించిన నా ఉష్ణోగ్రత సెన్సరు ఎంతకీ పలకలేదు. మధ్యాహ్నం కళాశాలలో అది పనిచేయకపోతే నా ప్రాజెక్టును తిరస్కరిస్తారు. నా ప్రోగ్రాము అడిగిన ప్రతిసారీ ల్యాప్‌టాప్‌ను లోపలినుంచి నడిపే లినక్స్ కెర్నల్ ‘బిజీ’ అని బదులిస్తోంది.

తానూ కంప్యూటర్ల పనిలోనే ఉన్నానన్న పక్క సీటాయన తొంగి చూశాడు. “సెన్సరు బాగానే ఉండాదప్పా. కెర్నల్‌లో డ్రైవరొకడు ముందే తువ్వాలేసి సీటు పట్టినాడు. వాణ్ణి దించు.”

పోలిక రుజువు కాదనుకుంటూనే సెన్సరును పట్టుకుని కూర్చున్న ఆ డ్రైవరు ప్రోగ్రామును తొలగించాను. తెర మీద ముప్పై నాలుగు డిగ్రీలు కనిపించాయి.

“ఇది పాత అంకె కావచ్చు,” అన్నాను.

ఆయన సెన్సరుకు బొటనవేలు ఆనించాడు. అంకె ముప్పై ఐదైంది. “ఇప్పుడన్నా నమ్మినావా?”

“వేలు తీయండి. తగ్గాలి కదా.”

తగ్గింది. మళ్లీ పెట్టమన్నాను.

ఆయన కిటికీలోంచి చూసి పకపకా నవ్వాడు. “నీ రుజువులతో నేను దిగాల్సిన పూతలపట్టు దాటిపోయిండాది గదప్పా.”